శీతకాలపు కొలత

ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చునని మనవారి సామెత. నలుగురికిని చెందిన దానిని నలుగురిలో ఒక్కడును కనిపెట్టి చూడడని దాని భావము. ఈ మాటనే 1968వ సంవత్సరమున గారెట్ హార్డిన్ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుడు శాస్త్రభాషలో వ్రాసి ప్రసిద్ధికెక్కెను. ఊరికి ఉమ్మడిగా ఒక పచ్చిక బయలున్నచో, ఇంకొక ఆవును తోలుటవలన కలుగు లాభమంతయు తనదేయనియు, నష్టము మాత్రము నూర్గురి పాలగుననియు ప్రతి కాపరియు లెక్క వేసికొనును. అందఱును ఆ లెక్కనే వేయుటచే తుదకు బయలు మట్టిదిబ్బయై పోవును. ఇది ఆతని వాదము. దీనికి రెండే మందులని లోకము చాలకాలము నమ్మినది: బయలును ముక్కలుగా కోసి ఎవరిది వారికి ఇచ్చివేయుట, లేదా ప్రభుత్వము చేత పెట్టి కావలి వేయుట. మన దేశమున రెండు మందులును వాడి చూచితిమి. ఊరి మేతబీళ్లలో కొన్ని పట్టాభూములైనవి. కొన్ని ప్రభుత్వపు కాగితములలో మాత్రమే పచ్చగా నున్నవి.

ఈ రెండు మందులలో దేనిని గాని పుచ్చుకొనక అయిదువందల ఏండ్లకు పైగా తన పచ్చికను చెడకుండ కాపాడుకొన్న యొక ఊరు ఆల్ప్స్ పర్వతములలో కలదు. పండితులలో దాని కథ ఇప్పుడు సుప్రసిద్ధము. అయినను చెప్పువారు తఱచుగా ఆ కథను సగము చెప్పి ఊరకుందురు. మిగిలిన సగమే నాకు ముఖ్యముగా తోచుచున్నది.

స్విట్జర్లాండు దేశపు దక్షిణభాగమున వాలిస్ అను రాష్ట్రమున్నది. రోన్ నదీలోయ దానికి వెన్నెముక. ఆ లోయలోని విస్ప్ అను చిన్న పట్టణము కడనుండి దక్షిణముగా మఱియొక లోయ చీలి, మాటర్‌హార్న్ శిఖరము క్రిందనున్న జెర్మాట్ వఱకు పోవును. ఏటేట లక్షలకొలది యాత్రికులు చిన్న రైలులో ఆ లోయవెంట ఎక్కి పోవుదురు. 4,478 మీటర్ల ఎత్తుగల ఆ శిఖరమును 1865 జూలై 14వ తేదీన ఏడుగురు మొట్టమొదటి సారిగా నెక్కిరి. దిగునపుడు త్రాడు తెగి వారిలో నలుగురు పడి మరణించిరి. నాటినుండి కొండ పేరు లోకమంతట మ్రోగినది. మృత్యువు తోడైనగాని మనుష్యులు కొండవంక చూడరు కాబోలు! శిఖరమునకై మెడలెత్తి కూర్చున్న ఆ యాత్రికులలో, స్టాల్డెన్ అను స్టేషను దాటునపుడు పడమటి వాలుపై నున్న టోర్బెల్ అను గ్రామమును గుఱించి అడుగువారు అరుదు.

ఆ ఊరు దాదాపు 1,500 మీటర్ల ఎత్తున నున్నది. జనసంఖ్య అయిదువందల ప్రాంతము. ఇండ్లు లార్చి అను మ్రానితో కట్టినవి. అది మన దేవదారునకు చుట్టము. కొన్ని వందల వేసవుల యెండకు ఆ కొయ్య కాలిన అట్టువలె నల్లబడి యుండును. ఇండ్ల నడుమ ధాన్యపు కొట్లు పొట్టి కాళ్లపై నిలిచియుండును. ఒక్కొక్క కాలి నెత్తిన తిరుగలిరాయి వంటి గుండ్రని పలకఱాయి పెట్టియుందురు. కాలు ప్రాకి వచ్చిన ఎలుక ఆ పలక అడుగున తలక్రిందుగా నడువలేక మరలిపోవలసినదే. చూడవచ్చిన వారు ఈ ఱాళ్ల ఛాయాచిత్రములు తీసికొని సంతోషింతురు. సంతోషింపదగినవే, కాని ఆ ఊరివారి తెలివి ఎలుకలతోనే నిలిచిపోలేదు.

ఆ ఊరు కొండకు నిలువుగా వ్రేలాడదీసిన చాపవంటిది. అడుగున ద్రాక్షతోటలు, నడుమ ఇండ్లు, రై అను ధాన్యము పండు చిన్న చిన్న మళ్లు, ఎండుగడ్డి కోయు పచ్చికమళ్లు, ఆపైన అడవి, అడవికి మీద, చెట్టు మొలవని ఎత్తున, వేసవి మేతబయలు. దానినే వారు ఆల్ప్ అందురు. పర్వతములకు ఆ పేరు దానివలననే వచ్చినదని చెప్పువారును కలరు. తోటలు, మళ్లు, గడ్డిభూములు ఎవరివి వారివే. వేసవి పచ్చిక, అడవి, బంజరు, నీటికాలువలు, బాటలు మాత్రము ఉమ్మడి. 1224వ సంవత్సరము మొదలుకొని వీటిని గుఱించిన వ్రాతలు దొరకినవి. వాలిస్ కొండల మాటున వాన తక్కువ. మంచుకొండల నీటిని కాలువలలో తెచ్చి, గడియల లెక్కను వంతులువారీగా పొలములకు పెట్టుదురు. ఎవరి వంతెంతయో కొయ్యపేళ్లపై గాట్లు పెట్టి గుర్తించుట ఆ రాష్ట్రమున పూర్వాచారము. చెఱువు క్రింద నీరటికాని వంతు నెఱిగిన మనవారికి ఇది వింత కాదు.

ఇక అసలు విషయము. 1483 ఫిబ్రవరి 1వ తేదీన టోర్బెల్ వాసులు కూడి, పచ్చికను, అడవిని, బంజరును ఎట్లు వాడుకొనవలయునో ఏర్పఱచు సంఘపత్రము నొకదానిని వ్రాసికొనిరి. 1517లో మఱియొక నియమము వచ్చినది: తాను శీతకాలమున మేపగలిగినన్ని ఆవులకంటె ఎక్కువ ఆవులను ఏ పౌరుడును వేసవి పచ్చికకు తోలరాదు. ఇంతియే నియమము. దీనిని మొదట చదివినపుడు ఇందులో విశేషమేమున్నదని తోచవచ్చును. ఆ కొండలలో శీతకాల మనగానేమో తెలిసినగాని దీని బరువు తెలియదు.

అచ్చట దాదాపు సగము సంవత్సరము నేలపై మంచు పఱచుకొని యుండును. ఆ కాలమంతయు ఆవు కొట్టములోనే నిలిచియుండును. అది తిను ప్రతి పరకయు వేసవిలో కొడవలితో కోసి, ఎండబెట్టి, మనుష్యులు నిలువలేని వాలుమీదినుండి వీపున మోసి తెచ్చినదై యుండవలెను. కావున ఒక ఇంట ఎన్ని ఆవులు చలి గడపగలవో ఆ ఇంటివారి కోరిక చెప్పదు. వారి గడ్డిభూమి, వారి నడుము, వారి పిల్లల చేతులు చెప్పును. వసంతమున సంతలో పది ఆవులను కొని, ఊరి పచ్చికపై ఊరక మేపి, ఆకురాలు కాలమున అమ్మి లాభము మూట కట్టుకొను పెద్దమనుష్యుని ఈ నియమము వాకిటనే ఆపివేయును. పచ్చిక ఎన్ని ఆవులను భరింపగలదో కొలుచుట కష్టము. దానికి అధికారి కావలయును, ఆ అధికారి కొక లెక్క కావలయును, ఆ లెక్కపై తగవు రావలయును. శీతకాలము కొలుచుట సులభము. పొరుగింటి గాదెలో గడ్డి ఎంతయున్నదో ఆ చిన్న యూరిలో ఎఱుగనివారెవరు?

ఈ నియమము సమత్వమును కల్పించినదని భ్రమపడరాదు. గడ్డిభూమి హెచ్చుగా గలవాడు హెచ్చు ఆవులను తోలెను. ఒక్క ఆవు గలవాడు ఒక్కదానినే తోలెను. సమత్వమును కోరు సంస్కర్తకు ఇది చాలదు. అయినను ఒక్క మేలు నిశ్చయముగా చేసినది: ఉమ్మడి సొత్తునుండి ఎవడెంత తీసికొనవలయు ననుటకు వాని ధనమునుగాని పలుకుబడినిగాని కొలతగా పెట్టక, వాడు తన చేతులతో మోసిన బరువును కొలతగా పెట్టినది.

పతంజలి అపరిగ్రహమును యమములలో చేర్చెను. కొనదగనిదానిని కొనకుండుట, కూడబెట్టకుండుట మనకు చిన్ననాటనుండి విన్న ధర్మము. కాని మనము దానిని ఒంటరి మనుష్యుని తపస్సుగా చేసితిమి. సన్న్యాసి దానిని పాటించును. గృహస్థుడు సన్న్యాసికి నమస్కరించి తన దారిని పోవును. టోర్బెల్ కాపులు యోగశాస్త్రమును వినలేదు. వారు చేసినదెల్ల అపరిగ్రహమును ఊరి పద్దుపుస్తకములోనికి ఎక్కించుట. పుణ్యాత్ముడైనను కాకపోయినను లెక్కకు మించిన ఆవు తోలరాదు, తోలినచో జరిమానా. ఆ జరిమానాలో సగము దానిని విధించిన ఊరి యధికారికే చెందును. ఇది విని కొందఱు ముక్కు విఱుతురు: భయముచేతను, కావలివాని లోభముచేతను నిలిచినది ధర్మ మెట్లగునని. నాకు మాత్రము, ఊరివారు తమ బలహీనతను ముందుగా నెఱిగి తామే తమపై కావలి పెట్టుకొనుటలో తక్కువతనము కనబడదు. దండమును రాజు పైనుండి విధించుట వేఱు. పదిమంది కూడి, ఱేపు తప్పు చేయువాడను నేనే కావచ్చునని తలపోసి వ్రాసికొనుట వేఱు.

అడవి విషయమున వారి పద్ధతి ఇంకను చక్కనిది. ఏ చెట్లను కొట్టవలయునో ఊరి యధికారులు గుర్తు పెట్టుదురు. కట్టెలకు హక్కుగల ఇండ్లవారు జట్లుగా ఏర్పడి, పనిని సమముగా పంచుకొని, చెట్లు కొట్టి, మ్రాకులను దింపి, ఇంచుమించు సమానములైన కుప్పలుగా పేర్తురు. పేర్చుట ముగిసిన తరువాత చీట్లు వేసి ఏ కుప్ప ఎవరిదో తేల్తురు. కుప్ప పేర్చువానికి అది తన పాలబడునో పొరుగువాని పాలబడునో తెలియదు. కావున ఏ కుప్పనైనను మోసముగా పేర్చుటలో లాభము లేదు. అన్నదమ్ముల పంపకములలో చీట్లు వేయుట మనమును ఎఱిగినదే. అయితే మన యిండ్లలో వాటాలు వేయువాని చేతికి చీటీలో ఏది రానున్నదో ముందే తెలిసియుండుట కలదు. ఆ విద్యను గుఱించి ఇచ్చట వ్రాయబూనను.

పచ్చికపై పాలన్నిటిని ఒకచోట కూర్చి చీజు చేయుదురు. ఎవరి ఆవులు ఎన్నియో ఆ లెక్కను పంచుకొందురు. ఆవులు పైకి చేరగానే లెక్కపెట్టుట అందువలన కూడ అవసరము. వాలిస్‌లో ఎరింగర్ అను పొట్టి నల్లని ఆవులజాతి కలదు. మందలన్నియు పచ్చికకు చేరిన దినమున అవి కొమ్ములు కలిపి పోరాడి, తమలో పెద్దఱిక మెవరిదో తేల్చుకొనును. గెలిచిన దానిని రాణి యందురు. పెద్దఱికపు తగవు తేలిన పిదప వేసవియంతయు శాంతముగా మేయునట! సభలు చేసి తగవు తేల్చుకొనలేని మనుష్యులకంటె అవి కొంత నయము.

రాబర్ట్ నెట్టింగ్ అను అమెరికా మానవశాస్త్రజ్ఞుడు ఆ యూరి మతగురువుల పుస్తకములను, పత్రములను శోధించి 1981లో టోర్బెల్ చరిత్రను గ్రంథముగా ప్రకటించెను. ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి 1990లో తాను వ్రాసిన గ్రంథమున ఆ యూరిని మొదటి దృష్టాంతములలో నొకటిగా చూపి, హార్డిన్ చెప్పినది కావలిలేని ఉమ్మడికే గాని నియమముగల ఉమ్మడికి చెల్లదని నిరూపించెను. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఆ శాస్త్రమున దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. కథను చెప్పువారు సాధారణముగా ఇచ్చట చప్పట్లు కొట్టి లేచిపోవుదురు.

కాని 1483 నాటి పత్రమున వేఱొక వాక్యము కలదు. పరాయివాడు టోర్బెల్‌లో భూమి కొన్నను, మఱేవిధముగ చేరి నివసించినను, వానికి ఉమ్మడి పచ్చికపైగాని, బంజరుపైగాని, అడవిలో చెట్టు కొట్టుటకుగాని హక్కు రాదు. ఆ యూరి పౌరసత్వము తండ్రినుండి కొడుకునకు దిగు వంశహక్కు. కొత్తవానిని చేర్చుకొనవలెనన్న ఉన్నవారు ఒప్పుకొనవలెను. తమ పచ్చిక చిన్నది కావున లోనివారు పెరుగకుండుటకు కూడ మూల్యము చెల్లించిరి. చాల ఆలస్యముగా పెండ్లాడిరి. పెక్కుమంది స్త్రీపురుషులు జన్మమంతయు అవివాహితులై యుండిరి. ఇంకను మిగిలినవారు ఊరు విడిచిపోయిరి. గడ్డి పచ్చగా నుండుటకు ఎన్ని కాపురములు నిలువకపోయెనో పద్దుపుస్తకము చెప్పదు.

ఎగువనున్న జెర్మాట్‌లో అలెగ్జాండర్ జైలర్ అను హోటలు యజమానుడు ఆ యూరిని లోకప్రసిద్ధము చేసిన వారిలో ముఖ్యుడు. అతడు విదేశీయుడు కాడు. ఆ వాలిస్‌లోనే వేఱొక లోయవాడు, అదే భాషవాడు, అదే మతమువాడు. అయినను జెర్మాట్ పౌరులు తమ ఉమ్మడిలోనికి అతనిని చేర్చుకొనుటకు ఏండ్లతరబడి నిరాకరించిరి. వ్యాజ్యములు నడిచి, ప్రభుత్వము బలవంతపెట్టిన మీదట 1889లో గాని అతనికి ఆ హక్కు దక్కలేదు. ధనవంతుడు గనుక అతడు వ్యాజ్యమాడగలిగెను. అతని హోటలులో అంట్లు తోమినవారిని గుఱించి ఎవరు వ్యాజ్యమాడుదురు?

స్త్రీల మాట వేఱుగా చెప్పవలయును. ఎండుగడ్డి మోసినవారిలో సగము స్త్రీలు. సభలో చేయి ఎత్తినవారు పురుషులే. 1957 మార్చి 3వ తేదీన, వాలిస్‌లోనే ఉంటర్‌బెఖ్ అను కొండయూరి పంచాయతీ తమ స్త్రీలను వోటు వేయనిచ్చెను. స్త్రీలకు పౌరరక్షణ సేవను విధింపవలెనా వలదా అను ప్రశ్నపై నాడు దేశమంతట పురుషులు వోటు చేయుచుండిరి. ఎవరి మెడపై కాడి పెట్టుదురో వారి నడుగకుండుట న్యాయమా అని ఆ యూరివారికి తోచినది. ముప్పదిమువ్వురు స్త్రీలు వేఱొక పెట్టెలో వోటు వేసిరి. అవి లెక్కకు రాలేదు. రెండేండ్ల పిమ్మట దేశపు పురుషులు మూడింట రెండువంతుల ఆధిక్యముతో స్త్రీలకు వోటు వలదనిరి. 1971లో గాని ఒప్పుకొనలేదు. అప్పటికి మన దేశపు స్త్రీలు నాలుగు సార్వత్రిక ఎన్నికలలో వోటు చేసియుండిరి.

అన్నిటికంటె బాధాకరమైనది పిల్లల కథ. ఇది టోర్బెల్‌కు ప్రత్యేకించినది కాదు. స్విస్ దేశమంతటను జరిగినది. ఆ దేశమున బీదల పోషణభారము వారి స్వగ్రామముపై నుండెడిది. అనాథలను, బీదల బిడ్డలను, పెండ్లికాని తల్లుల బిడ్డలను గ్రామాధికారులు రైతుల ఇండ్లకు పనికి ఒప్పగించెడివారు. కొన్నిచోట్ల, పోషణకు ఊరినుండి తక్కువ సొమ్ము అడిగినవానికే బిడ్డను అప్పగించు వేలము కూడ జరిగినది. ఈ యాచారము ఏదో యొక రూపమున ఇరువదవ శతాబ్ది నడిమిని దాటియు నడిచినది. 2013 ఏప్రిల్ 11న ప్రభుత్వము వారికి క్షమాపణ చెప్పినది. 2017లో అమలైన చట్టము ప్రకారము బ్రతికియున్న బాధితులకు తలకు 25,000 ఫ్రాంకుల వఱకు ఇచ్చినది. ఆవును లెక్కపెట్టిన చేతులే బిడ్డనును లెక్కపెట్టినవి. ఊరి సొమ్ము వ్యర్థము కారాదను శ్రద్ధ రెండుచోట్లను ఒక్కటే. ఒకచోట అది పచ్చికను కాపాడినది, మఱియొకచోట పిల్లవానిని పశువుల కొట్టములో పరుండబెట్టినది.

ఇక చిక్కు ప్రశ్న. లోపలివారి నిగ్రహమునకు బయటివారి బహిష్కారము మూలధనమా? తలుపు మూసికొననిదే ఉమ్మడి నిలువదా? ఆస్ట్రమ్ పరిశీలించి చెప్పిన సూత్రములలో మొదటిదే ఎల్లలు స్పష్టముగా నుండవలెననునది. హక్కెవరిదో తెలియనిచోట ఎవడును తగ్గి తీసికొనడు. మన యూళ్లలోను బావి ఊరందఱిదేయని చెప్పుచు, ఊరనగా ఎవరో చెప్పకయే కొందఱిని గట్టుదాక రానీయనివారము గనుక, తలుపును గుఱించి స్విస్సువారిని నిందించుటలో మనకు తొందర తగదు.

శీతకాలపు కొలత ఒక్కటే చాలునని కొంతకాలము నేను తలచితిని. ఇచ్చట చలి గడుపువాడెవడైనను, గడ్డి మోసినవాడెవడైనను, వానికి పచ్చికపై హక్కు. పుట్టుకను అడుగ నక్కఱలేదు. న్యాయముగా నున్నది. కాని 1483 నాటి వారి భయమునకు అర్థము లేకపోలేదు. ధనవంతుడైన పరాయి ప్రభువు గడ్డిభూములనే కొనివేసినచో, కూలివారిచే గడ్డి కోయించినచో, శీతకాలపు కొలత అతనికే అనుకూలించును; పచ్చిక వానిదగును, ఊరివారు వాని పాలేర్లగుదురు. కాబట్టి బీదవాని తలుపునకు గడియ వలదని చెప్పుట ధనవంతునకు మేలు చేయుటయే. అదే గడియ, వీపున గంప తప్ప మఱేమియు లేక వచ్చిన పాలేరును కూడ బయటనే నిలిపినది. ప్రభువును ఆపవలసిన గడియకు పాలేరును ఆపు అధికార మెట్లు వచ్చినది? కొనవచ్చినవానికిని పనికి వచ్చినవానికిని ఆ పత్రము భేదము చూపలేదు. ఆ యూరి న్యాయమున లోపము తలుపుండుట కాదు. తలుపు కడ అడుగవలసిన ప్రశ్నను తప్పుగా అడుగుట యని నేననుకొందును. ఎవని కొడుకవని అడిగిరి. ఏమి మోయుదువని అడుగలేదు.

ఇప్పటి టోర్బెల్‌లో ఆవులపైననే జీవించువారు కొద్దిమంది. చాలమంది ఉదయమున లోయలోని కర్మాగారములకును కచేరీలకును దిగి సాయంకాలమున ఎక్కివత్తురు. వేసవిలో పశువులను పచ్చికకు తోలు రైతులకు దేశప్రభుత్వము సొమ్మిచ్చుచున్నది; లేనిచో ఆ ఎత్తులను ఎప్పుడో పొదలు కమ్మివేయును. ఆ సొమ్ము పన్నులనుండి వచ్చును. స్విట్జర్లాండు నివాసులలో నాల్గవవంతునకు మించి విదేశపౌరులు. వారును పన్ను కట్టుచున్నారు. పరాయివాడు చెట్టునైనను కొట్టరాదన్న పత్రము వ్రాసిన దేశమున, ఆల్ప్ పచ్చిక నేడు కొంత పరాయివాని కాసులతో పచ్చగా నున్నది.

మఱియొక ఉమ్మడి సొత్తు కలదు. దానికి తలుపు వేయుట ఎవరి తరమును కాదు. వాలిస్‌లోనే లోట్షెన్‌టాల్ అను లోయలో బ్లాటెన్ అను ఊరుండెను. టోర్బెల్ వలెనే నల్లని కొయ్యయిండ్లు, ఎత్తున పచ్చికలు. 2025 మే నెలలో పైనున్న కొండ పగిలి ఱాళ్లు బిర్చ్ అను హిమానీనదముపై పడసాగెను. కనిపెట్టి చూచుచున్న నిపుణులు హెచ్చరింపగా దాదాపు మున్నూర్గురిని, వారి పశువులను ఊరు విడిపించిరి. మే 28వ తేదీన మంచును కొండయు ఒక్కటై దిగి ఊరిలో చాలభాగమును కప్పివేసెను. ప్రజలు బ్రతికిరి, ఒక్కడు మాత్రము మరణించెను. కొండ విఱుగుటకు కారణము ఒక్కటే యని చెప్పరాదు. కాని ఎత్తులలోని నేలను పట్టియుంచు మంచు వేడికి సడలుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 2022, 2023 సంవత్సరములు రెండింటిలోనే స్విస్ హిమానీనదములు తమ మంచులో పదవవంతు పోగొట్టుకొన్నవి.

బ్లాటెన్‌వారు తమ పచ్చికపై ఆవులను ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టుకొన్నను ఆకాశముపై మేయు ఆవులను లెక్కపెట్టలేరు. బొగ్గును నూనెను కాల్చు ప్రతి దేశమును ఆ పచ్చికకు తన మందను తోలుచున్నది. తలకు లెక్కించినచో మన దేశపు పాలు లోకపు సగటులో సగమునకు లోపే. స్విస్సువారు తాము కొని వాడు వస్తువులను కూడ లెక్కించుకొన్నచో వారి పాలు మనకంటె మిక్కిలి హెచ్చు. ఎవని శీతకాల మెంతయని అక్కడ ఇంకను నిర్ణయము కాలేదు. 2015లో పారిస్ నగరమున దేశములన్నియు కూడి ఒక పత్రము వ్రాసికొన్నవి. దాని ప్రకారము ఎవరెంత తగ్గింతురో వారే నిర్ణయించుకొని చెప్పుదురు. తప్పినవారిపై జరిమానా లేదు. అందు సగము తీసికొను కావలివాడును లేడు.